సవరణ: బల్లారట్ సందర్శన గురించి

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు బంగారు నగరం బల్లారట్ గురించి ఇదివరకు రాసిన టపాలో, యురేకా తిరుగుబాటు నాటి అసలు జెండాను సావరిన్ హిల్‌లో చూడవచ్చని ఉంది. అది సరికాదు. నెలనెలా కట్టవలసిన లైసెన్సు రుసుముకూ, దాని పేరిట పోలీసులు చేసే సోదాలకూ వ్యతిరేకంగా గని కార్మికులు పీటర్ లాలర్ నాయకత్వంలో ఎగురవేసిన ఆ జెండా, 1854 డిసెంబరు 3న సైన్యం దాడి చేసిన ప్రాంతంలోనే నెలకొల్పిన యురేకా సెంటర్‌లో ఉంది. నీలి వస్త్రంపై తెల్లని శిలువ, దానిమీద ఐదు నక్షత్రాలు; జ్ఞాపకార్థం ముక్కలు కత్తిరించుకుపోయినవారి పుణ్యమా అని బట్టలో కొంత భాగం లేదు. నా మట్టుకు, నగరంలో ఒక్కటే చూసే వీలుంటే దీన్నే ఎంచుకుంటాను.

సావరిన్ హిల్‌ను 'నాటి వీధి' అనడం కూడా పాఠకులను తప్పుదారి పట్టిస్తుంది. అది 1850ల జీవితాన్ని చూపడానికి నిర్మించి, 1970లో తెరిచిన ప్రదర్శనశాల. అక్కడి వాగులో పళ్లెంతో ఇసుక జల్లించే సరదా పిల్లలకు బాగుంటుంది. అయితే బంగారు సంపదతో వెలసిన అసలు భవనాలు కావాలంటే లిడియార్డ్ వీధికి వెళ్లాలి. 1875 నాటి హర్ మెజెస్టీస్ థియేటర్ అక్కడే ఉంది.

ఇక 1858లో బల్లారట్‌లో దొరికిన, సుమారు 69 కిలోల 'వెల్‌కమ్ నగెట్' అనే బంగారు ముద్దను ఆ టపాలో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేర్కొనడం జరిగింది. 1869లో అదే రాష్ట్రంలోని మోలియాగుల్ వద్ద దొరికిన 'వెల్‌కమ్ స్ట్రేంజర్' దానికంటే పెద్దది.