ఇంట్లోనే ఉన్న ప్రపంచ యాత్రికుడు

ప్రపంచ పర్యటన చేసి వచ్చినవాళ్లను మన సమాజం అవసరానికి మించి గౌరవిస్తోంది. దండలు వేస్తుంది, శాలువా కప్పుతుంది, మైకు ముందు నిలబెట్టి అనుభవాలు చెప్పమంటుంది. బయలుదేరకుండా ఏళ్ల తరబడి ఏర్పాట్లు చేసుకుంటున్నవాడి వైపు మాత్రం కన్నెత్తి చూడదు. నిజానికి ఇద్దరిలో ఎక్కువ కష్టపడేది రెండోవాడే. వెళ్లినవాడికి ఒక పూట ఒక దేశంతోనే పని. వెళ్లబోయేవాడు అన్ని ఖండాల వానాకాలాలనూ, అన్ని దేశాల వీసా నిబంధనలనూ, ఒక కన్నతల్లినీ ఏకకాలంలో సంబాళించుకోవాలి. ఈ అన్యాయాన్ని ప్రజల దృష్టికి తేవాలనే ఈ నాలుగు మాటలు.

నా వాదనకు సజీవ సాక్ష్యం తిరుపతిలో మా బైరాగిపట్టెడలోనే ఉంది. మా పక్కింటి అబ్బాయి కంప్యూటర్ ఉద్యోగి. లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు, మేడ మీది గదిలోనే పని. ఉద్యోగం మానేసి ప్రపంచమంతా తిరగాలన్నది అతని సంకల్పం. “మూడేళ్లు పట్టవచ్చు, ఐదేళ్లు పట్టవచ్చు. తిరిగి వచ్చే తేదీ అనుకోలేదు మామయ్యా” అంటాడు. బయలుదేరే తేదీ కూడా అనుకోలేదు కాబట్టి ఈ యాత్రకు రెండు వైపులా తలుపులు తెరిచే ఉన్నాయి.

ఇలాంటి సాధనకు తిరుపతిని మించిన ఊరు లేదు. వీధి చివర నిలబడితే కనబడే కొండ మీది స్వామిని 300 రూపాయల టికెట్టుతో చూడాలంటే, దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పోటీపడవలసిన ఊరు మాది. ముందస్తు ఏర్పాటు మాకు వెన్నతో పెట్టిన విద్య. పైగా మన రేణిగుంట విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా కూడా ఉంది. అయినా మావాడి ప్రపంచ యాత్ర ఆర్టీసీ బస్టాండులో చెన్నై బస్సుతోనే మొదలవుతుంది. ఆ బస్సు సంగతి కాసేపట్లో చెబుతాను.

పూర్వం ఏర్పాట్లు తెలియని అమాయకులు ఉండేవారు. ఇబ్న్ బతూతా అనే మొరాకో యువకుడు 1325లో, 21 ఏళ్ల వయసులో, మక్కా వెళ్లి వస్తానని టాంజియర్‌లో ఇల్లు విడిచాడు. మళ్లీ స్వదేశం చేరేసరికి 1349 వచ్చింది. మధ్యలో ఢిల్లీకి వచ్చి, తుగ్లక్ కొలువులో కాజీగా ఏళ్ల తరబడి జీతం తీసుకున్నాడు. పర్యాటక వీసా మీద వచ్చి ఉద్యోగం చేయడం ఎంత పెద్ద నేరమో ఆయనకు చెప్పినవారు లేరు. 1519లో మాజెలాన్ అనే నావికుడు ఐదు ఓడలతో, 200కు పైగా మనుషులతో బయలుదేరాడు. 1522లో భూమిని చుట్టి స్పెయిన్ చేరింది ఒక్క ఓడ, అందులో 18 మంది. నాయకుడు ఫిలిప్పీన్స్‌లోనే హతమయ్యాడు. ఒక్క ఎక్సెల్ షీటు లేకపోవడం ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో చూడండి.

అంత దూరం ఎందుకు, మా పేటకు పేరిచ్చిన బైరాగుల సంగతే చూద్దాం. హాథీరాం బావాజీ ఉత్తరాది నుంచి నడుచుకుంటూ వచ్చాడు. తిరుగు టికెట్టు లేదు, బస చేసే చోటుకు రుజువు లేదు, బ్యాంకు ఖాతా అసలే లేదు. వచ్చి స్వామివారితో పాచికలాడాడని ఇక్కడ కథ. ఒక రాత్రి స్వామి హారం బావాజీ దగ్గర మరచిపోతే దొంగతనం అంటగట్టారు. గదిలో బండెడు చెరకు పడేసి, తెల్లవారేసరికి తినేస్తే నమ్ముతామన్నారు. స్వామి ఏనుగై వచ్చి తినేసి వెళ్లాడు. వీసా ఇంటర్వ్యూ అంటే అది! కథను పక్కన పెట్టినా చరిత్ర మిగులుతుంది. 1843 నుంచి 1933లో దేవస్థానం ఏర్పడేదాకా తిరుమల ఆలయ పాలన బావాజీ మఠం అధిపతులైన మహంతుల చేతిలోనే ఉంది. అనుకోకుండా వచ్చిన ఒక బాటసారి మఠానికి ఈ ఊరు తొంభై ఏళ్లు ఇచ్చింది. అన్నీ అనుకుని వెళ్లే మా పక్కింటి అబ్బాయికి ఐరోపా ఇచ్చేది తొంభై రోజులు.

అదీ వరసగా వాడుకుని చేతులు దులుపుకునే తొంభై కాదు. ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలోని 29 దేశాలన్నిటికీ కలిపి, ఏ 180 రోజులు తీసుకున్నా 90కి మించకూడదు. ఆ 180 రోజుల లెక్క రోజుకో అడుగు ముందుకు జరుగుతూ ఉంటుంది. మా అబ్బాయి దానికోసం ఒక ప్రత్యేక పట్టిక తయారుచేశాడు. ఆకుపచ్చ గడి అయితే ఉండవచ్చు, ఎర్ర గడి అయితే పెట్టె సర్దుకోవాలి. పంచాంగకర్తలు రాహుకాలాన్ని కూడా ఇంత కఠినంగా గుణించరు.

ఇక్కడే చెన్నై బస్సు వస్తుంది. షెంగెన్ వీసాకు మామూలుగా మనం నివాసముంటున్న దేశం నుంచే దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రయాణానికి ఆరు నెలలకన్నా ముందు పెట్టుకోకూడదు. రెండో ఏట వియత్నాంలో తిరుగుతున్నవాడికి ఇటలీ మీద మనసైతే, ముందు మనసు మార్చుకోవాలి, లేదా చెన్నైకి రావాలి. ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ కొన్ని దేశాలకు కావలసిన పసుపు జ్వరం టీకా కూడా చెన్నై గిండీలోనే వేయించుకున్నాడు. మొత్తం పట్టికను వడపోసి చూస్తే, ఈ ప్రపంచ యాత్రలో అతను అన్నిటికంటే ఎక్కువసార్లు దర్శించబోయే నగరం పారిస్ కాదు, న్యూయార్క్ కాదు, చెన్నై. ఆ టీకా పత్రం మాత్రం ఒకసారి తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఏర్పాట్లకంటే ఎక్కువకాలం బతికే కాగితం అదొక్కటే.

మిగతా కాగితాల తత్వం వేరు. ఎక్కడికి వెళతారు, ఏ హోటల్లో దిగుతారు, ఏ విమానంలో వెనక్కి వస్తారు, వచ్చి చేరడానికి ఉద్యోగం ఉందా, ఉంటే యజమాని ఇచ్చిన సెలవు పత్రమేది? ఎక్కడికైనా వెళ్లాలనుకునేవాడు తనకు ఎక్కడా ఉండిపోవాలని లేదని రుజువు చేసుకోవాలి. మావాడు పై అధికారిని ఐదేళ్ల సెలవు అడిగాడు. ఆయన చాలా మర్యాదస్తుడు. అంతకంటే ఎక్కువే ఇస్తానన్నాడు. మావాడు కంగారుపడి విన్నపాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఈ విషయంలో రాయబార కార్యాలయాలకు నచ్చదగిన ఆదర్శ యాత్రికుడు మన తెలుగువాళ్లలో ఒకాయన ఉన్నాడు. మద్రాసు సుప్రీం కోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830లో సపరివారంగా బయలుదేరి, మా తిరుపతి మీదుగా కాశీ వెళ్లి, 1831లో బుద్ధిగా మద్రాసు చేరుకున్నాడు. ఉద్యోగం ఉంది, ఊరు ఉంది, తిరిగొచ్చే ఉద్దేశం ఉంది. వీసా ఇవ్వడానికి ఇంకేం కావాలి?

ఫోటో దగ్గర ఒక ధర్మసందేహం తలెత్తింది. వీసాకు ఆరు నెలల లోపు తీయించిన ఫోటో ఇవ్వాలి, 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. వీసా వస్తే కొడుకు చేత నీలాలు ఇప్పిస్తానని తల్లి మొక్కుకుంది. వీసాలో జుట్టున్న మనిషి, కల్యాణకట్ట నుంచి దిగివచ్చేది గుండు మనిషి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో అధికారికి వీళ్లిద్దరూ ఒకరేనని గోవింద నామం చెప్పి ఒప్పించలేం. ముందే గుండు చేయించి ఆ తలతోనే ఫోటో దిగితే సరిపోతుందన్నాడు అబ్బాయి. వరం రాకముందే మొక్కు తీర్చడం స్వామికి బయానా ఇచ్చినట్టు కాదా అని అడిగింది తల్లి. ఈ ప్రశ్న మీద వాయిదా పడిన సభ మళ్లీ సమావేశం కాలేదు.

అసలు చిక్కు ఆవిడది కాదు, అవ్వది. ఆమె శనివారం ఒంటిపూట భోజనం చేస్తుంది, మనవడి చేతా చేయిస్తుంది. భూమిని పడమటి దిక్కుగా చుట్టివస్తే ఒక రోజు మాయమవుతుందని మనవడే ఒకనాడు నోరుజారి చెప్పాడు. అది నిజం. మాజెలాన్ ఓడలో మిగిలినవాళ్లు తమ లెక్క ప్రకారం బుధవారం నాడు కేప్ వర్డె దీవుల్లో ఆగితే, అక్కడివాళ్లు గురువారం అన్నారు. ఇప్పుడైతే పసిఫిక్ మధ్యలో, దాటితే తేదీ మారిపోయే దినరేఖ ఉంది. అమెరికాలో శుక్రవారం రాత్రి విమానమెక్కి న్యూజిలాండ్‌లో ఆదివారం దిగవచ్చు. మధ్యలో శనివారం ఏమైనట్టు? సమోవా దేశం 2011లో దినరేఖకు ఇటువైపు చేరడానికి డిసెంబరు 30ని, అంటే ఒక నిండు శుక్రవారాన్ని, క్యాలెండరులోంచే తీసేసింది. అది విని అవ్వ మరీ బెంబేలెత్తింది. శనివారం పోతే స్వామి, శుక్రవారం పోతే తిరుచానూరు అమ్మవారు! బాగా ఆలోచించి ఆమె తూర్పుగా వెళ్లమని తీర్పిచ్చింది. అటు నుంచి దినరేఖ దాటితే ఒకే శనివారం రెండుసార్లు వస్తుంది, రెండు ఒంటిపూటల పుణ్యం. దాంతో పడమటి దిక్కుకు వేసిన ప్రణాళిక మొత్తం చెరిపి, ఋతువులన్నీ తారుమారు చేసి, మళ్లీ మొదటి గడి నుంచి రాస్తున్నాడు. నేను చూసినంతలో ఈ యాత్రలో ఎవరైనా తీసుకున్న ఏకైక నిర్ణయం అదే.

సంచి గురించి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి తిరగబోయేవాడు ఏడు కిలోల సంచితో తిరగాలన్నది ఈ సంప్రదాయంలో శ్రుతివాక్యం. విమానంలో చేతి సామానుకు చాలా సంస్థలు పెట్టిన హద్దు అదే మరి. మావాడు వంటింటి తూకం మీద ఒక్కో వస్తువూ పెట్టి గ్రాముల్లో రాసుకుంటాడు. పళ్లు తోముకునే బ్రష్షు పిడిని సగానికి కోశాడు. మెరినో ఉన్ని బనియన్లు రెండు కొన్నాడు. ఆ ఉన్ని తొందరగా వాసన పట్టదట. తిరుపతి మే నెలలో వాటిని తొడుక్కుని సాధన చేస్తూ ఉంటే చూడటానికి వచ్చినవాళ్లకే చెమట పట్టింది. ఇలా మిగిల్చిన ప్రతి గ్రామునూ తల్లి చెనక్కాయల పొడితోనూ ఊరగాయతోనూ వెంటనే భర్తీ చేస్తుంది. తినే వస్తువు తెచ్చి చెప్పకపోతే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్లు కట్టాలని కొడుకు హెచ్చరించాడు. “చెప్పే తీసుకెళ్లు నాయనా, కొంచెం వాళ్లకూ పెట్టు” అంది.

డబ్బు గురించి ఆందోళన అక్కర్లేదు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి రెండున్నర లక్షల డాలర్లకు మించి విదేశాలకు పంపరాదని రిజర్వు బ్యాంకు నియమం. మావాడి పొదుపు ఆ నియమాన్ని ఏ ప్రయాసా లేకుండా పాటిస్తోంది.

తండ్రికి ఇదంతా వృథా శ్రమ అనిపిస్తుంది. మన పెద్దలు కుర్రవాళ్ల దేశాటన కాంక్షకు ఏనాడో విరుగుడు కనిపెట్టారన్నది ఆయన వాదం. పెళ్లిలో కాశీయాత్ర అనే ఘట్టం ఉండనే ఉంది. గొడుగు, చేతికర్ర, పావుకోళ్లు ప్రయాణ సామగ్రి. బరువు ఏడు కిలోలకు లోబడే ఉంటుంది. మంటపం నుంచి పది అడుగులు వేయగానే బావమరిది బెల్లం ముక్కతో ఎదురొచ్చి గడ్డం పట్టుకుంటాడు, వెనక్కి వచ్చేస్తారు. వీసా లేదు, టీకా లేదు, తిరుగు ప్రయాణం ఖాయం. తిరుచానూరు రోడ్డులో కల్యాణ మంటపం కూడా ఆయన చూసి ఉంచాడు. దాన్నీ మూడు నెలల ముందు మాట్లాడుకోవాలట.

మొక్కుల లెక్క మాత్రం తేలలేదు. కొడుకు క్షేమంగా తిరిగివస్తే నిలువుదోపిడీ ఇస్తానని కూడా తల్లి అనుకుంది. తిరిగివచ్చే తేదీ లేనప్పుడు మొక్కుకు గడువెక్కడ? అవతల ఉన్నది వడ్డికాసులవాడు. ఈ ఊళ్లో గడువు విషయంలో ఉదారంగా మంజూరైన ఏర్పాటు ఒక్కటే ఉంది, పెళ్లికోసం స్వామి కుబేరుడి దగ్గర చేసిన అప్పు. దానికి కూడా కలియుగాంతం అని స్పష్టంగా తేదీ వేసుకున్నారు.

ఇంతలో, పదేళ్ల కిందట ఈ యాత్రకోసమే తీసుకున్న పాస్‌పోర్టుకు కాలం తీరవచ్చింది. గడువు ఆరు నెలలైనా మిగిలి ఉండకపోతే చాలా దేశాలు రానివ్వవు కాబట్టి మళ్లీ కొత్తదానికి దరఖాస్తు పెట్టాడు. 36 పేజీలదైతే 1,500, 60 పేజీలదైతే 2,000 రూపాయలు. పాతదాంట్లో ఒక్క ముద్ర కూడా పడని 60 పేజీలు ఉన్నా, ముందుచూపుతో ఈసారీ 60 పేజీలదే కోరాడు. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ ఇరుగుపొరుగు సాక్ష్యం కావాలని మా గేటు తట్టాడు. ఈ మనిషి ఈ ఇంట్లోనే ఉంటున్నాడా, ఎక్కడెక్కడో తిరుగుతుంటాడా అని అడిగాడు. ఇంత ధైర్యంగా నేను ఇంతవరకు ఏ కాగితం మీదా సంతకం చేయలేదు.