చిత్తడి నేల నుంచి లేచిన పాట

ఎస్టోనియా పేరు మన దగ్గర వినిపించేది ఆన్‌లైన్ ఓటింగ్ గురించో, స్టార్టప్‌ల గురించో మాట్లాడేటప్పుడే. 13 లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఆ దేశం మనసు తెలియాలంటే అక్కడి చిత్తడి నేలల దగ్గర మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది.

దేశంలో సగం అడవే. దాని నడుమ 'రబ' అని పిలిచే నాచు నేలలు. ఏటా మిల్లీమీటరు చొప్పున పేరుకుంటూ, వేల ఏళ్లకు మీటర్ల మందమైన నేల అది. అడుగేస్తే దిగబడుతుంది కాబట్టి పలకల బాట మీదే నడవాలి.

నైరుతిన సోమా అనే చోట వసంతంలో మంచు కరిగి, ఏర్లు పొంగి, పొలాలూ దారులూ మునిగిపోతాయి. జనం దాన్ని విపత్తు అనరు, 'ఐదో రుతువు' అంటారు. ఆ రోజుల్లో తిరగడానికి హాబ్యస్ అనే పడవ ఉండేది. ఒకే ఆస్పెన్ చెట్టు దుంగను పల్చగా తొలిచి, తడుపుతూ, సన్నటి సెగ తగిలిస్తే చెక్క మెత్తబడి అంచులు మెల్లమెల్లగా విచ్చుకుంటాయి. తొందరపడితే దుంగ చీలిపోతుంది. ఈ విద్య తెలిసినవాళ్లు కొద్దిమందే మిగలడంతో, 2021లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఈ నేల మీది మమకారమే రాజకీయమైంది. అప్పటికి ఎస్టోనియా సోవియట్ యూనియన్ ఏలుబడిలో ఉంది. 1987లో విరుమా ప్రాంతంలో ఎరువులకు వాడే ఫాస్ఫరైట్ కోసం భారీ గనులు తవ్వాలని మాస్కో తలపెట్టింది. భూగర్భజలాలు పాడవుతాయని, బయటి నుంచి వచ్చే కార్మికుల మధ్య తమ భాష పలచబడిపోతుందని జనం ఎదురుతిరిగారు. నీళ్ల భయం, భాష భయం ఒకటైపోయాయి. గనులు ఆగాయి, ధైర్యం మాత్రం ఆగలేదు. 1869లో టార్టులో మొదలైన పాటల పండుగ సంప్రదాయం ఎలాగూ ఉంది. 1988లో రాజధాని టాలిన్ మైదానంలో లక్షల గొంతులు కలిశాయి. 1989 ఆగస్టు 23న ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా అనే మూడు బాల్టిక్ దేశాల జనం స్వాతంత్ర్యం కోరుతూ దాదాపు 600 కిలోమీటర్ల పొడవునా చేయీ చేయీ పట్టుకున్నారు. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చింది.

టార్టు విశ్వవిద్యాలయంలో 1919 నుంచే చదువు ఎస్టోనియన్‌లో సాగుతోంది. ఆ భాష మాట్లాడేవాళ్లు హైదరాబాద్ జనాభాలో చిన్న వంతే ఉంటారు. కోట్లమంది ఉన్న తెలుగువాళ్లం పై చదువులకు మన భాష చాలదని ఎందుకు ఒప్పేసుకున్నామో ఆలోచించాలి.

అక్కడా అంతా సవ్యంగా లేదు. ఇవాళ అడవుల నరికివేత మీద గట్టి గొడవే నడుస్తోంది. కలప ఆదాయం ఎంత ముఖ్యమైనా నేను అడవి వైపే నిలబడతాను. ఐదో రుతువు రేపూ వస్తుంది, ఆ నీటి మీద పడవ సాగాలంటే దానికి సరిపడా లావెక్కిన ఆస్పెన్ చెట్టు మిగిలి ఉండాలి.