చేపనూనె గోళీ గుండెకు గ్యారంటీ కాదు

"రోజుకో చేపనూనె గోళీ వేసుకుంటే గుండెపోటు దరిచేరదు. కొలెస్ట్రాల్ మాత్రలు మానేయొచ్చు. సహజమైనది కాబట్టి ఏ హానీ లేదు." ఈ మెసేజ్ నెల్లూరు వాట్సాప్ గ్రూపులు తిరిగి తిరిగి మా మామయ్య ఫోన్లోకి వచ్చింది. మర్నాటికల్లా ఫ్రిజ్ మీద డబ్బా వెలిసింది.

ముందు ఆ డబ్బా సంగతి. పైన పెద్దక్షరాల్లో 1000 మిల్లీగ్రాములు. వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120. అంటే గుండెకు మంచివని చెప్పే ఒమేగా-3 అనే కొవ్వుల్లో ముఖ్యమైన ఈ రెండూ కలిపి 300. మిగతాదంతా వేరే కొవ్వే.

గుండెపోటు రాదన్నది మొదటి మాట. 1999లో ఇటలీలో, అప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లకు చేపనూనె ఇస్తే మరణాలు తగ్గిన మాట నిజమే. ఈ ప్రచారానికి బలం అక్కడిదే. కానీ అప్పట్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల వాడకం తక్కువ. 2018లో వెలువడిన అమెరికా పరీక్ష 'వైటల్'లో 25,871 మందిని ఐదేళ్లకు పైగా చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి లెక్కేస్తే గోళీ వేసుకున్నా లేకున్నా పెద్ద తేడా లేదు. విడిగా గుండెపోట్లు కొన్ని తగ్గినట్టు కనబడింది, దాన్ని దాచక్కర్లేదు. అదే ఏడు షుగర్ ఉన్న 15,480 మంది మీద చేసిన పరీక్షలోనూ ఫలితం లేదు.

కొలెస్ట్రాల్ మాత్ర మానేయమనడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే సలహా. చేపనూనె తగ్గించేది ట్రైగ్లిజరైడ్లనే రక్తంలోని వేరే కొవ్వును, ఎల్డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను కాదు. స్టెంట్ వేయించుకున్న మనిషికి ఈ మెసేజ్ పంపేవాళ్లను ఏమనాలి?

"సహజమైందే గదబ్బయా" అన్నాడు మామయ్య. సహజమైనంత మాత్రాన హాని లేదని కాదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు స్టాటిన్‌తో పాటు శుద్ధిచేసిన ఈపీఏ మందు రోజుకు 4 గ్రాములిచ్చి చూస్తే గుండెపోటు, పక్షవాతం లాంటి వాటి ముప్పు 25 శాతం తగ్గింది. అదే పరీక్షలో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్లు మందు వాడినవాళ్లలో 3.1 శాతం, వాడనివాళ్లలో 2.1. లయ తప్పితే గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 4 గ్రాములిచ్చిన ఇంకో పెద్ద పరీక్షలో లాభమూ లేదు, లయ బెడద మాత్రం పెరిగింది. గుండె దడ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు.

ఒమేగా-3 కావాలంటే మైపాడు ఒడ్డున దొరికే కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు ఉన్నాయి. వారానికి రెండుసార్లు చాలు. వంజరం మోజులో పడి వాటిని చిన్నచూపు చూస్తున్నాం గానీ, మామిడికాయ వేసి పులుసు పెడితే కవళ్లకేం తక్కువ? వేపుడు మాత్రం లెక్కలోకి రాదు మామయ్యా.