మేక తిన్న ఎనిమిది సెకన్లు

చిన్నపిల్లలకు చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మన ఉపాధ్యాయులు ఇన్నాళ్లూ అనుసరించిన పద్ధతి మహా అశాస్త్రీయమైనది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, మార్కాపురం పలక మీద నాలుగు మాటలు రాసి చదవమని, చదువుతున్నంతసేపూ ఆ పిల్ల నోటివంకా కళ్లవంకా చూసి, ‘దీనికి ఒత్తులు ఇంకా పట్టుబడలేదు’ అని మనసులో అనుకొని ఊరుకొనేవారు. ఆ మనసులోని మాట ఏ సర్వరుకూ ఎక్కేది కాదు. అమరావతికి తెలియని ఒత్తు ఒత్తెలా అవుతుంది?

ఆ అరాచకానికి ఇప్పుడు తెర పడింది. ఆరంగుళాల తెర. 2006లో రూపుదిద్దుకొని దేశదేశాలు తిరిగిన ఈగ్రా అనే, చిన్న తరగతుల పిల్లల చదివే నేర్పును కొలిచే పరీక్ష ఈ దారి చూపింది. పిల్ల ముందు నూరు అక్షరాల కాగితం ఉంటుంది. ఉపాధ్యాయుడి చేతిలోని తెర మీద అవే అక్షరాలుంటాయి. గడియారం అరవై నుంచి వెనక్కి నడుస్తుంది. తప్పు పలికిన అక్షరాన్ని వేలితో తాకితే దాని రంగు మారుతుంది. మొదటి పదీ తప్పయితే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. కూడికలన్నీ యంత్రమే చూసుకొంటుంది కాబట్టి లెక్క తప్పదు, ఒక్కొక్క పిల్లతో విడిగా కూర్చోకా తప్పదు. ఇవి రెండూ నిజంగా మేలే. వ్యంగ్యం రాసేవాడికి ఇటువంటివి కొంత ఇబ్బందే. ఈ పనికోసం పుట్టిన ఒక సాఫ్ట్‌వేరుకు టాంజరిన్ అని, అంటే కమలాపండు అని పేరు పెట్టారు. ఏ కమలాపండైనా సిగ్నలు లేని ఊరి బడికి చేరేసరికి పొదలకూరు నిమ్మకాయ అవుతుందన్నది వేరే సంగతి.

2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థవంతంగా చదవాలి. ‘అర్థవంతంగా’ అన్న మాటను పెద్దలు మరిచిపోలేదు. గడియారంలోనే దానికి ముల్లు లేదు. పైగా మాట అంటే ఎంత? ‘ఇల్లు’ ఒక మాట, ‘చదువుకొంటున్నప్పుడల్లా’ కూడా ఒక మాటే. తెలుగు పిల్ల ఒక మాట అనే లోపల వేరే భాషవాడు మూడు మాటలు దాటిపోతాడు. ఇది భాష చేసిన తప్పే గాని గడియారానిది కాదు.

ఈమధ్య కనిగిరి వైపు ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో ఈ మదింపును కళ్లారా చూశాను. రెండో తరగతి పిల్ల ‘మేక గడ్డి తిన్నది’ అన్న వాక్యాన్ని వేలు పెట్టుకొని చూసి, ‘మేక గడ్డి తినింది’ అని చదివింది. మా వైపు మేకలు తరతరాలుగా తినడమే గాని ‘తిన్నది’ అనిపించుకొని ఎరుగవు. మాస్టారి వేలు గాలిలో ఆగింది. తెర మీద ఒప్పు ఉంది, తప్పు ఉంది; ‘మా జిల్లా’ అన్న గడి లేదు. ఆయన తేల్చుకొనేలోగా పిల్ల తలెత్తి, ‘సార్, మా మేక మొన్న ఈనింది. రెండు పిల్లలు’ అంది. వాక్యం అర్థమైందనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు గాని, ఆ సాక్ష్యానికి ఎనిమిది సెకన్లు ఖర్చయ్యాయి. మాస్టారు తెర మీది నుంచి చూపు తిప్పకుండానే ‘చదువమ్మా, చదువు’ అన్నారు. పిల్ల ‘వెనుకబడినవారి’ జాబితాలోకి వెళ్లింది. జాబితాను పైకి పంపడానికి మాస్టారు సిగ్నలు కోసం నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లారు.

మన నెల్లూరు తిక్కన అదృష్టవంతుడు. రాసే గంటం ఆపనని పంతం పట్టిన గురునాథుడి ముందు ఆయన భారతం చెబుతూ, ఒకచోట మాట తోచక ‘ఏమి చెప్పుదుం గురునాథా’ అన్నాడనీ, సంధి పుణ్యమా అని అది ‘కురునాథా’ అయి పద్యంలోనే ఇమిడిపోయిందనీ పెద్దలు కథ చెబుతారు. గురునాథుడి చేతిలో గంటానికి బదులు ఫోను ఉండి ఉంటే, తడబాటుకు రంగు మారి, కవిబ్రహ్మకు వేసవి సెలవుల్లో ప్రత్యేక బోధన సిఫారసు అయ్యేది.

కాబట్టి అధికారులకు నా మనవి ఒక్కటే. మదింపు జరిగే వారంలో మేకలు ఈనరాదని ముందుగానే ఒక సర్క్యులర్ ఇప్పించాలి. అది కుదరకపోతే తెర మీద, ఒప్పుకూ తప్పుకూ నడుమ, మేక బొమ్మతో ఒక మీట పెట్టించాలి.

మాస్టారు ట్యాంకు దగ్గర నుంచి తిరిగివచ్చి ఫోను జేబులో పెట్టుకొన్నాక, ఆ పిల్ల పలక పట్టుకొని వచ్చింది. మేకపిల్లలు రెండే అయినా పేర్లు మూడు రాసుకొచ్చింది: చుక్క, బుజ్జి, మల్లి. ఒత్తులు మూడూ ఉండవలసిన చోటే ఉన్నాయి.