‘ఏపీటీలా? అవి మన దాకా రావు’ అనే మెసేజ్‌కి నా జవాబు

గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఏపీటీ దాడులు, అంటే దేశాల అండతో నెలల తరబడి నక్కి ఉండే హ్యాకర్ల పని, ప్రభుత్వాలకీ పెద్ద కంపెనీలకీ మాత్రమేనట. మంచి యాంటీవైరస్ ఉండి అప్‌డేట్లు చేస్తుంటే చాలట. అయినా వాళ్లు దూరితే ఇక ఎవరూ ఏమీ చేయలేరట. మూడూ తప్పే, మూడోదైతే మరీను.

చిన్నవాళ్ల జోలికి రారా? చైనా అండ ఉన్న హ్యాకర్ల గుంపు వోల్ట్ టైఫూన్ తన జాడ దాచుకోవడానికి వాడుకున్నది ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో కంపెనీ సపోర్ట్ ఆగిపోయిన పాత రౌటర్లనే. మీ దగ్గర దొంగిలించడానికి ఏమీ లేకపోవచ్చు, కానీ మీ మీదుగా వెళ్లడానికి దారి ఉంది కదా.

ఇక యాంటీవైరస్. అదే గుంపు లోపలికొచ్చాక దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో లాగిన్ అయి, పవర్‌షెల్ లాంటి విండోస్ సొంత టూల్స్‌తోనే పని కానిచ్చేది. అక్కడ వైరసే లేనప్పుడు యాంటీవైరస్ దేన్ని పట్టుకుంటుంది? కొన్నిచోట్ల కనీసం ఐదేళ్లు ఉన్నారని 2024 ఫిబ్రవరిలో అమెరికా సంస్థలు చెప్పాయి. మనమేమో లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు లాగిన్ అయి ఏం చేశారో చెప్పే రికార్డులు, నెల రోజులే దాచుకుంటాం! అప్‌డేట్ల సంగతికొస్తే, 2020లో సోలార్‌విండ్స్ కంపెనీ ఓరియన్ (నెట్‌వర్క్‌లను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లోనే, కంపెనీ డిజిటల్ సంతకంతో సహా, బ్యాక్‌డోర్, అంటే హ్యాకర్లు దూరే దొడ్డిదారి, వచ్చింది. దాదాపు 18,000 మంది కస్టమర్లకు చేరింది. (అలాగని అప్‌డేట్లు మానేయకండి బాబూ, పాత లోపాల్లోంచి దూరేవాళ్లే ఎక్కువ.)

ఆపలేమన్న మాటకి కూడా జవాబు సోలార్‌విండ్స్‌లోనే ఉంది. అది బయటపడింది ఎలాగంటే, ఆ అప్‌డేట్ వల్లే దెబ్బతిన్న ఫైర్‌ఐ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీలో ఒక ఉద్యోగి అకౌంట్‌కి రెండో ఫోన్ రిజిస్టర్ అయినట్టు అలర్ట్ వచ్చింది, సెక్యూరిటీ వాళ్లు ‘ఇది మీదేనా’ అని అడిగారు, కాదన్నారు. అంతే, అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది. అటు 2023 చివర్లో మైక్రోసాఫ్ట్‌లోకి రష్యా గుంపు దూరింది కూడా రెండో దశ వెరిఫికేషన్ లేని ఒక పాత టెస్ట్ అకౌంట్ నుంచే, తేలిక పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నించి. ఇందులో ఆపలేనంత మాయ ఏముంది?

వాడని అకౌంట్లు తీసేయండి, అడ్మిన్ హక్కులు తగ్గించండి, లాగ్‌లను వేరే చోట కనీసం ఏడాది ఉంచండి. ఒక మెషిన్‌లో జాడ దొరికిందని కంగారుగా దాన్ని ఫార్మాట్ కొట్టకండి. ఆధారాలు పోతాయి, మిగతా మెషిన్లలో ఉన్నవాళ్లు జాగ్రత్తపడతారు. ముందు ఎక్కడెక్కడ ఉన్నారో తేల్చుకుని, దారులన్నీ ఒకేసారి మూయాలి.