ఈఎల్‌సీబీ పీకేస్తే గీజర్ బాగుపడినట్టు కాదు

ఈ విషయం మీద చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను, ఈ వారం మా బిల్డింగ్‌లో చూసింది చూశాక ఇక ఆగలేకపోయాను. గీజర్ ఆన్ చేయగానే ఇల్లంతా కరెంటు పోతుంది, ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తారు, అతను డీబీ బాక్స్ (ఇంటి మెయిన్ స్విచ్‌లుండే పెట్టె) తెరిచి, కరెంటు ఎక్కడైనా కారితే లైన్ కట్ చేసే ఈఎల్‌సీబీకి వెళ్లే వైర్లు ఊడదీసి నేరుగా కలిపేసి "ఇంక ట్రిప్ అవదు సార్" అని చెప్పి డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. దీన్ని రిపేర్ అంటున్నారు. బెంగళూరులో అద్దె ఇళ్లు మారుతూ వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఇది ఎక్కడో ఒక చోట జరిగేది కాదు, ఇదే ఇక్కడ అలవాటైపోయింది.

మా కింది ఫ్లాట్‌లో నెల్లూరు నుంచి వచ్చిన ఒక జంట ఉంటారు, మూడేళ్ల పాప. ఆ అమ్మాయి మొన్న మెట్ల దగ్గర కనిపించి "అక్కా, షవర్ ట్యాప్ తిప్పుతుంటే చెయ్యి జివ్వుమంటోంది, ఓనర్ అంకుల్‌కి చెబితే రబ్బరు చెప్పులు వేసుకుని స్నానం చేయమన్నారు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్ల పిల్లని ఆ షవర్ కింద నిలబెడుతున్నారు, ఆ పిల్లకి కూడా రబ్బరు చెప్పులు వేసి కరెంటుతో స్నానం చేయించాలా? వెంటనే డీబీ బాక్స్‌లో గీజర్‌కి ఉండే స్విచ్, అంటే ఎంసీబీ, దించేయించి, నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. మదనపల్లె అబ్బాయి, పని తెలిసినవాడు, ముఖ్యంగా తొందరపడడు.

అతను ముందు గీజర్ మూత తీయలేదు. డీబీ బాక్స్ తీశాడు. ఈఎల్‌సీబీ ఉంది, దాని మీద బటన్ ఉంది, చూడటానికి అంతా సరిగ్గానే ఉంది, కానీ దాని పక్క నుంచి ఫేజూ న్యూట్రలూ సూటిగా కిందికి వెళ్లిపోతున్నాయి. ట్రిప్ అవుతోందని ఇంతకుముందు ఎవరో చేసిన పని. తర్వాత గీజర్ సాకెట్ విప్పాడు. ఎర్త్ పిన్‌కి రావాల్సిన ఆకుపచ్చ వైరు, కారిన కరెంటుని భూమిలోకి దించేది, వెనక్కి మడిచి టేప్ చుట్టి ఉంది. ఫేజ్ పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మాడిపోయి, స్క్రూ వదులై ఉంది. అంటే ఆ ఇంట్లో ప్రాణాన్ని కాపాడాల్సినవి రెండుంటే, రెండూ తీసేసి ఉన్నాయి.

"ఎంసీబీ ఉంది కదా, ఏమైనా అయితే అదే పడిపోతుంది" అని ఓనర్ అన్న మాట నేను చాలామంది దగ్గర విన్నాను. పడదు. ఎంసీబీ వైరుని కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. గీజర్‌కి వేసే 16 ఆంప్స్ ఎంసీబీ, దాని కంటే ఎక్కువ కరెంటు లాగితేనో షార్ట్ అయితేనో పడుతుంది. మన ఒంట్లోంచి 30 మిల్లీ ఆంప్స్‌కి మించి కాసేపు పోయినా గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, అది ఆ 16 ఆంప్స్‌లో ఐదు వందల వంతు కూడా కాదు. మనిషి షాక్ కొట్టి కింద పడినా ఎంసీబీకి ఏమీ తెలియదు. ఇప్పుడు షాపుల్లో దొరికే ఆర్‌సీసీబీ (మనవాళ్లు దాన్నీ ఈఎల్‌సీబీ అనే అంటారు) చేసే పని వేరు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంప్స్‌కి చేరేసరికి సెకనులో మూడో వంతు లోపే కట్ చేస్తుంది. అది మాటిమాటికీ పడుతోందంటే విసుగు పుట్టే మాట నిజమే, పొద్దున్నే ఆఫీసు టైముకి మరీనూ, కానీ ఎక్కడో కరెంటు కారుతోందని అది మనకి చెబుతోంది. చెప్పేదాన్ని తీసేస్తే కారడం ఆగుతుందా?

అసలు ఎక్కడ కారుతోంది అంటే, మన వైపు ఎక్కువగా గీజర్ లోపల నీళ్లు కాచే గొట్టంలో, అదే ఎలిమెంట్‌లో. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు ఏళ్లుగా బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లే దిక్కు. 2024 వేసవి గుర్తుంది కదా, ట్యాంకర్ కోసం గ్రూపుల్లో కొట్టుకున్నాం. ఆ ఏడాది అక్టోబరులో కావేరి నీళ్ల పథకం ఐదో దశ మొదలైనా కనెక్షన్ అందని అపార్ట్‌మెంట్లు ఇంకా ఉన్నాయి. ఆ గట్టి నీళ్లు కాగినప్పుడు సున్నం ఎలిమెంట్ మీద పేరుకుంటుంది. కింది ఫ్లాట్ గీజర్ ఎలిమెంట్ బయటికి తీస్తే గొట్టం కనబడలేదు, కోడిగుడ్డు పెంకులు ఒకదాని మీద ఒకటి అతికించినట్టు తెల్లటి పొరలు, గీకితే చేతిలోకి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఆ పొర వల్ల వేడి నీళ్లలోకి వెళ్లదు, ఎలిమెంట్ లోపలే ఎక్కువ కాగి దాని పైతొడుగు చిట్లుతుంది. తొడుగు లోపల ఉండే పొడి తడిస్తే కరెంటు నీళ్లలోకి, ట్యాంకు బాడీలోకి వస్తుంది. ఎర్త్ ఉంటే అందులోంచి దిగిపోతుంది, ఈఎల్‌సీబీ పడుతుంది. ఎర్త్ లేకపోతే నీళ్లలోంచి ట్యాప్ దాకా వస్తుంది. ఇప్పటి ఇళ్లలో పైపులు ప్లాస్టిక్‌వి కాబట్టి ఆ లోహపు ట్యాప్‌కి భూమితో సంబంధమే ఉండదు, దాన్ని పట్టుకుని తడి నేల మీద నిలబడ్డ మనిషే దారి అవుతాడు.

మీ ఇంట్లో ట్రిప్ అవుతుంటే కంగారు పడకుండా ముందు గీజర్ ప్లగ్ పూర్తిగా పీకి చూడండి. స్విచ్ ఆపడం కాదు, పీకడం. ఎందుకంటే మన స్విచ్‌లు మామూలుగా ఫేజ్‌నే కట్ చేస్తాయి, న్యూట్రల్ తగిలే ఉంటుంది, ఎలిమెంట్‌లో న్యూట్రల్ వైపు లీకేజీ ఉంటే గీజర్ ఆఫ్‌లో ఉన్నా మిక్సీ వేసినప్పుడో ఐరన్ బాక్స్ పెట్టినప్పుడో ట్రిప్ అవుతుంది, మీరు మిక్సీని అనుమానిస్తూ కూర్చుంటారు. ప్లగ్ పీకాక రోజంతా నిలబడితే దొంగ గీజరే. పీకినా పడుతుంటే వైరింగ్‌లోనో ఇంకో వస్తువులోనో ఉంది. గీజర్ పెట్టిన వెంటనే కాకుండా కాసేపు కాగాక పడుతుంటే ఎలిమెంట్ మీదే ఎక్కువ అనుమానం. ఆ తర్వాత మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) పెట్టి చూడమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెడితే 230 వోల్టుల దగ్గర చూపించాలి, టెస్ట్ ల్యాంప్ పెడితే ఫేజ్-న్యూట్రల్ మధ్య ఎంత వెలుగుతుందో ఇక్కడా అంతే వెలగాలి. మసగ్గా వెలిగినా వెలగకపోయినా మీకు ఎర్త్ లేనట్టే (ల్యాంప్ పెట్టగానే ఈఎల్‌సీబీ పడి ఆరిపోతే అది వేరు, కరెంటు ఎర్త్‌లోకి దిగుతున్నట్టు). టెస్టర్ స్క్రూడ్రైవర్‌తో ముట్టించి "ఎర్త్ ఓకే" అనేవాళ్లని నమ్మకండి, దానితో అది తెలియదు.

ఇక "నీళ్లు వేడెక్కడం లేదు" అనేది వేరే గొడవ, చాలాసార్లు అది లోపం కూడా కాదు. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ నిమిషానికి ఒక లీటరు నీటిని సుమారు 43 డిగ్రీలు పెంచగలదు, అంతే దాని శక్తి. ఓవర్‌హెడ్ షవర్ నిమిషానికి ఎనిమిది లీటర్లు పోస్తే ఐదు డిగ్రీలు పెరుగుతుంది, డిసెంబరులో అది చన్నీళ్లే. బకెట్ పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో చూడండి. రెండు మూడు లీటర్లకి తగ్గించినా వేడి లేదంటే అప్పుడు థర్మోస్టాట్, కటౌట్ (మరీ కాగితే గీజర్‌ని ఆపేసేది), సున్నం అని వెతకాలి. షవర్ కింద స్నానం కావాలంటే 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ పెట్టుకోవడమే మేలు.

డబ్బు సంగతికొద్దాం. కింది ఫ్లాట్‌లో ఎలిమెంట్, సాకెట్ మార్చి, ఎర్త్ వైరు తిరిగి బిగించి, ఈఎల్‌సీబీని మళ్లీ లైన్లో పెట్టారు. ఆ బిల్లు అద్దెకున్నవాళ్ల నెత్తిన వేయబోయారు ఓనర్ గారు, "వాడేది మీరే కదా" అని. నేను ఒప్పుకోలేదు. బల్బు మాడితే అద్దెవాళ్లు మార్చుకుంటారు, న్యాయమే. గోడలో ఉన్న ఎర్త్ వైరు, డీబీలో తీసేసిన ఈఎల్‌సీబీ ఇంటివి, ఇంటాయన పెట్టుకోవాల్సినవి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోనే ఎర్త్ లీకేజీ రక్షణ గురించి ఉండేది, వాటి స్థానంలో 2023లో వచ్చిన వాటిలోనూ ఉంది, ఇది ఆయన దయతో చేసే పని కాదు. పది నెలల అడ్వాన్స్ అడిగేవాళ్లు కూడా ఉన్న ఊరిది, ఆ డబ్బు చేతిలో పెట్టుకుని ఒక పచ్చ వైరు బిగించడానికి బేరం ఆడతారా? రెండు రోజులు వాదించాక ఆయనే కట్టారు.

కొత్తగా ఇల్లు చూసుకునేవాళ్లు వాస్తు, పార్కింగ్, నీళ్లు అన్నీ అడుగుతారు కదా, డీబీ బాక్స్ కూడా తెరిపించి ఈఎల్‌సీబీ మీద టీ అని రాసి ఉన్న బటన్ నొక్కండి. టప్‌మని పడి ఇల్లంతా కరెంటు పోవాలి. ఇన్వర్టర్ మీద లేని లైటు ఏదైనా వెలుగుతూనే ఉంటే దాన్ని దాటేసి వైరు కలిపారేమో చూపించండి, అలా ఉంటే అడ్వాన్స్ ఇవ్వకముందే సరి చేయించండి. ఉన్న ఇంట్లో కూడా నెలకోసారి ఆ బటన్ నొక్కుతూ ఉండండి. ఎర్త్ బాగుందో లేదో మాత్రం ఆ బటన్ చెప్పదు, అది విడిగా చూపించుకోవాలి.

మా బిల్డింగ్ ఎర్త్ పిట్ (ఎర్త్ వైర్లు భూమిలోకి దిగే గుంత) రీడింగ్ తీయించమని అసోసియేషన్‌కి రాసి ఇచ్చాను. ఇంకా ఎవరూ బదులివ్వలేదు. ఆదివారం మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను, అన్ని ఫ్లాట్లలో ఆ బటన్ నొక్కించి చూద్దామని కూడా అడుగుతాను.