ఆ గుర్తును చదివేదెవరు?

కృత్రిమ మేధతో తయారైన ఫొటో, వీడియో, ఆడియో ఏదైనా సరే, అది నిజమైనది కాదని చూసేవాళ్లకు తెలిసేలా లేబుల్ ఉండాలన్న నిబంధన 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఐటీ నిబంధనలకు కేంద్రం అదే నెల 10న చేసిన సవరణ ఇది. పైకి కనిపించే లేబుల్ ఒక్కటే చాలదు, సాంకేతికంగా వీలైనంత మేర ఆ ఫైలు ఎక్కడ పుట్టిందో చెప్పే గుర్తు లోపల కూడా ఉండాలని, దాన్ని తీసేసే అవకాశం ఇవ్వకూడదని అందులో రాశారు. అధికారికంగా ఆదేశం వచ్చాక అక్రమ కంటెంట్‌ను తొలగించడానికి ఇదివరకు 36 గంటల గడువు ఉండేది, ఇప్పుడది 3 గంటలు. ఈ నిబంధనలను మేము స్వాగతిస్తున్నాం. కానీ వీటిలో ఒక పెద్ద లోటు ఉంది. గుర్తు వేయాల్సింది ఎవరో చెప్పారు. దాన్ని చదివే సాధనం మామూలు మనిషి చేతికి ఎలా వస్తుందో మాత్రం చెప్పలేదు.

2025 అక్టోబర్ నాటి ముసాయిదాలో లేబుల్ తెరమీద కనీసం పదో వంతు ఉండాలన్న కొలత ఉండేది. కంపెనీల అభ్యంతరాల తర్వాత తుది నిబంధనల్లో దాన్ని వదిలేశారు. అంటే లేబుల్ స్పష్టంగా కనిపించాలన్న మాట ఉంది గానీ, ఎంత పెద్దగా ఉండాలన్న కొలత లేదు. అలాంటి లేబుల్‌ను కత్తిరించడానికి ఫోన్లో రెండు వేళ్లు చాలు. కాబట్టి భారమంతా లోపలి గుర్తు మీదే పడుతుంది. అది పనిచేయాలంటే ఏం కావాలో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మన జేబులోని నోటు చూస్తే చాలు.

దాచిన గుర్తుల విషయంలో మన దేశంలో అందరికంటే ఎక్కువ అనుభవం రైతుబజార్లో కూరగాయలు అమ్మేవాళ్లకు ఉంటుంది. ఐదువందల నోటు ఇస్తే ముందు బొటనవేలితో ఒకసారి రుద్దుతారు. తర్వాత వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఖాళీగా ఉన్న తెల్లటి చోటు చూస్తారు. అక్కడ గాంధీ బొమ్మ, పక్కన 500 అంకె నీడలా కనిపించాలి. కాస్త వంచితే మధ్యలో ఉన్న దారం ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారాలి. నంబరులో అంకెలు ఎడమ నుంచి కుడికి పోనుపోను పెద్దవవుతాయి. చూపు లేనివాళ్ల కోసం రెండు అంచుల్లోనూ చేతికి తగిలేలా ఐదేసి ఏటవాలు గీతలు ఉంటాయి. వందకు నాలుగు, ఐదువందలకు ఐదు. కళ్లతో పనిలేకుండా వేలితో లెక్కపెట్టుకోవచ్చు. వాళ్ల కోసమే 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ‘మణి’ అనే యాప్ కూడా తెచ్చింది. నోటును కెమెరా ముందు పెడితే అది ఎంత నోటో గొంతుతో చెబుతుంది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఈ గుర్తులను రిజర్వ్ బ్యాంక్ దాచిపెట్టలేదు. ఏది ఎక్కడుందో, ఎలా చూడాలో బొమ్మలు వేసి మరీ జనానికి చెప్పింది. గుర్తు తయారీ మాత్రమే రహస్యం, పరీక్ష బహిరంగం. వెలుతురుకు పట్టితే నీడలా కనిపించే ఈ నీటి గుర్తును (వాటర్‌మార్క్) కాగితంలో వేయడం 1282 ప్రాంతంలో ఇటలీలోని ఫాబ్రియానో పట్టణంలో మొదలైంది. అప్పటినుంచీ ఆ కళ నిలబడింది ఈ పద్ధతి మీదే. తయారు చేయడం మహా కష్టం, చూసి పోల్చుకోవడం మహా తేలిక.

ఆ రెండో భాగాన్ని మరిచిపోతే ఏమవుతుందో స్టాంపు పేపర్ల కుంభకోణం చూపించింది. నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లోనూ, మన హైదరాబాద్‌లోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్‌లోనూ అచ్చయ్యే స్టాంపు పేపరుకు భద్రతా గుర్తులు లేక కాదు. నకిలీ స్టాంపు పేపర్లు అచ్చువేసి అమ్మిన అబ్దుల్ కరీం తెల్గీ 2001లో పట్టుబడేనాటికి ఆ పేపర్లు కొన్నవాళ్లలో బ్యాంకులు, బీమా కంపెనీలు కూడా ఉన్నాయి. కోట్ల లావాదేవీలు నడిపే సంస్థలు అవి. నోటును వెలుతురుకు పట్టి చూసే కూరగాయల వ్యాపారికి ఉన్న జాగ్రత్త వాటికి లేకపోయింది. స్టాంపు పేపరు ఎలా పరీక్షించాలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. పేపరు మీద ఉన్న అంకెను నమ్మారు, అంతే. ఆ దెబ్బ తర్వాతే దేశం ఈ-స్టాంపుల వైపు కదిలింది. ఇప్పుడు ప్రతి ఈ-స్టాంపు మీదా ఒక ప్రత్యేక నంబరు ఉంటుంది. దాన్ని ఆన్‌లైన్‌లో కొడితే ఎవరి పేరున, ఎంతకు, ఎప్పుడు తీశారో తెలుస్తుంది. అయినా ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, ప్లాటు కొనేటప్పుడు ఆ నంబరు కొట్టి చూసేవాళ్లు మనలో ఎందరు?

ఇక డిజిటల్ నీటి గుర్తు విషయం. ఫొటో అంటే లక్షల చుక్కలు. ఒక్కో చుక్క వెలుగును 0 నుంచి 255 వరకు అంకెలతో కొలుస్తారు. 200 ఉన్నచోట 201 పెడితే ఏ కంటికీ తేడా తెలియదు. ఒక రహస్య లెక్క ప్రకారం వేల చుక్కల్లో ఇలా కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ పోతే బొమ్మలో మరో బొమ్మ దాగుతుంది. ఆ లెక్క తెలిసిన సాఫ్ట్‌వేర్ మాత్రమే దాన్ని పట్టుకోగలదు. పాటలోనూ, మాటలోనూ చెవికి అందని మార్పులతో ఇదే పని చేయవచ్చు. రాతలో అయితే యంత్రం ఒక మాటకు బదులు మరో మాట ఎంచుకునే తీరులోనే గుర్తు దాస్తారు. గూగుల్ డీప్‌మైండ్ 2023 ఆగస్టులో బయటపెట్టిన సింథ్‌ఐడీ ఈ పద్ధతే. రాతకు సంబంధించిన భాగాన్ని 2024లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది కూడా.

ఈ విద్య మన సినిమావాళ్లకు కొత్తేమీ కాదు. హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2005లో తెచ్చిన డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం, థియేటర్లోని పరికరం సినిమా వేస్తున్నంతసేపూ బొమ్మలోనూ శబ్దంలోనూ ఒక గుర్తు కలుపుతూనే ఉండాలి. ఐదు నిమిషాలకోసారి 35 బిట్ల సమాచారం. అందులో 16 తేదీకీ సమయానికీ, మిగతా 19 ఏ పరికరమో చెప్పడానికి. ఎవరైనా సీట్లో కూర్చుని ఫోన్‌తో తీసి నెట్‌లో పెడితే, ఆ మసక వీడియోలోంచి కూడా ఇది ఏ థియేటర్, ఏ తేదీ, ఏ షో అన్నది ల్యాబ్‌లో బయటకు తీయవచ్చు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ఇలా థియేటర్లో దొంగచాటుగా సినిమా తీసే పనికి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా పెట్టింది. జరిమానా సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా కూడా వెళ్లవచ్చు. శుక్రవారం పొద్దున విడుదలైన సినిమా సాయంత్రానికి ఫోన్లలోకి వచ్చేస్తుంటే కష్టపడి తీసినవాళ్ల కడుపుకోత ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ గుర్తు లేకపోతే పోలీసులకు మొదటి ఆధారమే దొరకని సందర్భాలుంటాయి.

అయితే సినిమా గుర్తుకూ, ఏఐ వీడియో గుర్తుకూ పని ఒకటి కాదు. సినిమా గుర్తు దొంగను పట్టుకోవడానికి. నేరం జరిగాక, తీరిగ్గా, ల్యాబ్‌లో నిపుణుడు చదివినా సరిపోతుంది. ఏఐ వీడియో గుర్తును చదవాల్సింది అది ఫోన్‌కు వచ్చిన క్షణంలో, దాన్ని పక్కవాళ్లకు పంపబోయే ముందు. 2023 నవంబర్‌లో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొకరి వీడియోకు అతికించి వదిలారు. ఆ కేసులో నిందితుణ్ని ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పట్టుకున్నారు. రెండు నెలల్లో పట్టుకోవడం మంచి పనే. కానీ ఆ వీడియో ఫోన్‌కు వచ్చినప్పుడు అది నిజమో కాదో అక్కడికక్కడే తేల్చుకునే దారి చూసినవాళ్ల దగ్గర లేదు. అంత పేరున్న మనిషి కాబట్టి దేశమంతా మాట్లాడింది. కాలేజీలో చదివే అమ్మాయికి ఇదే జరిగితే ఆమె ఇంట్లోవాళ్లకు, ఊళ్లోవాళ్లకు ఏం చూపించి నమ్మించాలి?

ఇప్పటి పరిస్థితి ఏమిటంటే, తాళమూ తాళంచెవీ రెండూ కంపెనీల దగ్గరే ఉన్నాయి. గూగుల్ టూల్‌తో చేసిన బొమ్మా కాదా అని జెమినీ యాప్‌లో అడిగి తెలుసుకునే వీలు 2025 నవంబర్‌లో వచ్చింది. మంచిదే. కానీ సింథ్‌ఐడీ గుర్తు లేని బొమ్మ గురించి అది ఏమీ తేల్చలేదు. అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ వంటి సంస్థలు 2021లో మొదలుపెట్టిన సీ2పీఏ పద్ధతి వేరు. ఫైలుకు డిజిటల్ సంతకంతో ఒక చీటీ జత చేస్తారు. ఏ కెమెరాతో తీశారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో దిద్దారు అన్నవి అందులో ఉంటాయి. ఒక్క స్క్రీన్‌షాట్ తీస్తే ఆ చీటీ ఎగిరిపోతుంది. మన దగ్గర సగం ప్రచారం స్క్రీన్‌షాట్ల మీదే కదా నడిచేది. పైగా ఎవరైనా సొంత కంప్యూటర్‌లో నడుపుకునే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ఏఐ మోడళ్లకు గుర్తు వేయమని చెప్పేదెవరు? చెప్పినా ఆ రెండు లైన్ల కోడ్‌ను తీసేయడం వాళ్లకు లెక్క కాదు. అందుకే గుర్తు ఉంటే కృత్రిమమని నమ్మవచ్చు గానీ, గుర్తు లేదు కాబట్టి నిజమని నమ్మకూడదు. ఈ తేడా జనానికి చెప్పకపోతే నిబంధన మేలుకు బదులు కీడు చేస్తుంది. లేబుల్ లేదు కాబట్టి నిజమే అని వాదించే రోజులొస్తాయి.

కాబట్టి కేంద్ర ఐటీ శాఖ ముందు చేయాల్సిన పని ఒకటుంది. అన్ని కంపెనీల గుర్తులనూ ఒకేచోట చదివే ఉచిత సాధనాన్ని ప్రజలకు ఇవ్వాలి. అది తెలుగులో ఉండాలి, తక్కువ ధర ఫోన్లో కూడా పనిచేయాలి. వీడియోను వేరే సైట్‌లోకి ఎక్కించాల్సిన అవసరం లేకుండా, వచ్చిన చోటే వేలితో నొక్కితే తెలియాలి. కంపెనీలు తమ గుర్తును చదివే పద్ధతిని ఈ సాధనానికి ఇవ్వాలన్నది షరతుగా పెట్టాలి. ఆ తాళంచెవి అందరికీ ఇస్తే దొంగలు గుర్తును చెరిపే దారి నేర్చుకుంటారని కంపెనీలు అంటాయి. ఆ భయంలో కొంత నిజముంది. అయితే ‘ఉంది’, ‘లేదు’ అన్న జవాబు మాత్రమే ఇచ్చి, లోపలి లెక్కను సర్వర్లోనే దాచుకునే ఏర్పాటు సాధ్యమే.

రెండో పని రాష్ట్రాలది. నకిలీని పట్టుకోవడం కంటే అసలుకు ముద్ర వేయడం సులువు. వర్షాకాలం వస్తే చాలు, ‘రేపు పాఠశాలలకు సెలవు’ అంటూ కలెక్టర్ సంతకంతో నకిలీ ఉత్తర్వులు వాట్సాప్‌లో తిరుగుతాయి. పిల్లల్ని పంపాలా వద్దా అని తల్లులకు రాత్రంతా టెన్షన్. దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఆధార్ మీద ఉన్న క్యూఆర్ కోడ్‌లో పేరు, ఫొటో వంటి వివరాలు డిజిటల్ సంతకంతో సహా ఉంటాయి. కార్డు మీద ఫొటో మార్చినా కోడ్‌లో ఉన్నది మారదు, నెట్ లేకుండానే పరీక్షించవచ్చు. కానీ లాడ్జిల వంటి చోట్ల ఇప్పటికీ జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టుకుంటున్నారు తప్ప ఆ కోడ్‌ను స్కాన్ చేసేవాళ్లు అరుదు. అదే పద్ధతిలో జీవోలు, కలెక్టర్ల ఉత్తర్వులు, పరీక్షల తేదీల ప్రకటనలు అన్నిటికీ సంతకం ఉన్న క్యూఆర్ తప్పనిసరి చేయాలి. కోడ్ లేని ఉత్తర్వు చెల్లదని బడుల్లో, గ్రామ పంచాయతీల్లో బోర్డు పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు, పట్టుదల ఉంటే చాలు.

పత్రికలం మేము కూడా ఇందులోంచి తప్పించుకోలేం. ఎన్నికలొస్తే తెలుగు పత్రికల లోగోలు, అక్షరాలు, కాలమ్ వెడల్పు అచ్చం దించేసి, రాయని వార్తలను రాసినట్టు క్లిప్పింగులు వదులుతున్నారు. మర్నాడు ‘అది మాది కాదు’ అని ఖండించేలోపు అది ఊరంతా చుట్టివస్తుంది. తెలుగు పత్రికలన్నీ పోటీ పక్కనపెట్టి, ప్రతి వార్త క్లిప్పింగుకూ ఒకే తరహా పరీక్ష కోడ్ పెట్టుకోవాలని, దానికి మేము సిద్ధంగా ఉన్నామని ఇక్కడే చెబుతున్నాం.

చివరగా, ఈ గుర్తుల్లో భయపెట్టే కోణం కూడా ఒకటుంది. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి కాగితం మీదా కంటికి ఆనని పసుపు చుక్కలు ముద్రిస్తాయి. 2005లో అమెరికాలోని డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ ఒక జిరాక్స్ కంపెనీ ప్రింటర్ చుక్కలను విప్పి చదివితే, అందులో ప్రింటర్ సీరియల్ నంబరు, ముద్రించిన తేదీ, సమయం బయటపడ్డాయి. దొంగనోట్లు అచ్చువేసేవాళ్లను పట్టడానికే అన్నారు. కానీ ఆ ప్రింటర్ కొన్నవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో అవినీతి గురించి పేరు రాయకుండా లేఖ పంపే గుమాస్తాను కూడా ఆ చుక్కలు పట్టించగలవు. ఏఐ గుర్తుల విషయంలో ఇది మళ్లీ జరగకూడదు. ఫైలు ఎలా తయారైందన్నది మాత్రమే గుర్తు చెప్పాలి. తయారుచేసిన మనిషి ఎవరన్నది కోర్టు ఆదేశం లేకుండా ఎవరికీ, ప్రభుత్వానికైనా సరే, తెలియకూడదు. నిబంధనల్లో ఈ వాక్యం ఇప్పుడు లేదు. తర్వాతి సవరణలోనైనా దాన్ని చేర్చాలి.